డాఫ్నీని నేలలో పెట్టే ముందు

చిన్నీ,

డాఫ్నీ నియోరం పూలపొద తెచ్చుకున్నానని, రాక్ గార్డెన్‌లో ఎక్కడ పెట్టాలో తేలక రోజుకో చోట కుండీ పెట్టి చూస్తున్నానని రాశావు. కుండీలో ఉన్నన్నాళ్లూ ఎంత తిప్పినా పర్వాలేదమ్మా. నేలలోకి వెళ్లాక మాత్రం కదపొద్దు, దాని వేళ్లు అస్సలు ఓర్చుకోవు. ఆరేళ్లు పెంచిన మొక్కని, ఇంకాస్త ముందుకుంటే పూలు బాగా కనపడతాయని నాలుగడుగులు పక్కకి మార్చాను. మట్టిగడ్డ చెదరకుండా ఎంత జాగ్రత్తగా తవ్వి తీసినా ఆ ఎండాకాలం దాటలేదు. ఆ చోటు చూస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అందుకే తొందరపడకు. ఎత్తు జానెడు, మహా అయితే అడుగు, కానీ పక్కలకి మూడడుగుల దాకా పాకుతుంది, ఆ జాగా ఇప్పుడే వదిలిపెట్టు. స్పెయిన్ నుంచి ఉక్రెయిన్ దాకా కొండల మీద పెరిగే మొక్క కదా, తల ఎండలో ఉండాలి, వేళ్లు చల్లగా ఉండాలి. పెద్ద రాయి పక్కన పెడితే వేళ్లు దాని కిందికి చేరి ఆ చల్లదనం వెతుక్కుంటాయి. చలికి భయం లేదు. నీళ్లు నిలిస్తేనే వేళ్లు కుళ్లి, నిన్నటిదాకా పచ్చగా ఉన్న మొక్క ఉన్నట్టుండి వాడిపోతుంది, కాబట్టి మట్టిలో సన్న కంకర, ఆకుల ఎరువు బాగా కలుపు. గుంట తవ్వి ఒక బకెట్ నీళ్లు పోసి చూడు, చాలాసేపు ఇంకకపోతే ఆ చోటు వద్దు. అలాగని మొదటి ఏడాది పూర్తిగా ఎండనివ్వకు.

వసంతం చివర్లో ఆకులు కనపడనంతగా గులాబీ రంగు గుత్తులు వస్తాయి. ఆ వాసన కోసమే నాకీ మొక్కంటే అంత ఇష్టం, నువ్వు రోజూ నడిచే దారికి దగ్గర్లో పెట్టుకో. కత్తిరింపులు పెద్దగా అక్కర్లేదు. కొన్నేళ్లకి మధ్యలో కొమ్మలు బోడిగా కనపడితే కొయ్యకు, వాటి మీద ఇసుక, ఆకుల ఎరువు కలిపి కప్పితే అక్కడే వేళ్లు తొడుగుతాయి. ఇంకో మొక్క కావాలంటే పూలయ్యాక ఒక కింది కొమ్మని మట్టిలోకి వంచి, పైన రాయి పెట్టి నేల అంటు కట్టు. ఏడాదాగి, వేళ్లు పట్టాయని చూశాకే తల్లి నుంచి వేరుచెయ్.

ఒక్కటి మాత్రం మర్చిపోకు. ఇది నిలువెల్లా విషం, కాయలు మరీను. రసం తగిలితే చర్మం మండుతుంది, గ్లవ్స్ లేకుండా ముట్టుకోకు. పాప ఆడుకునే వైపు మాత్రం పెట్టకమ్మా, ఎంత మంచి చోటు కుదిరినా సరే.

మీ పెద్దమ్మ