చక్రాలకు 'సరి' చాలదా?

సందేహం: నల్లగొండలో ఒక టైర్ల దుకాణం బోర్డు మీద 'చక్రముల సమలేఖనము చేయబడును' అని చదివాను. అదే పనిని నా ఫోను 'చక్రాల అమరిక' అంటున్నది. మెకానిక్ మాత్రం 'బండి ఎడమకు గుంజుతున్నది సార్, అలైన్‌మెంట్ కొట్టియ్యాలె' అన్నాడు. వీటిలో సరైన తెలుగు ఏది? – ఒక పాఠకుడు, దేవరకొండ

సమాధానం: బోర్డు మీది మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అది భాషకూ పొసగదు, పనికీ పొసగదు. లేఖనమంటే మనకు రాయడం. సంస్కృతంలో రేఖకూ లేఖకూ చుట్టరికం ఉన్నది కనుక సమలేఖనమంటే ఒక గీతలోకి తేవడమేనని ఎవరైనా సమర్థించవచ్చును గాని, ఆ బోర్డు చూసిన రైతు లోపల దస్తావేజులు రాస్తారేమో అనుకొంటే తప్పు రైతుది కాదు.

అంతకన్న పెద్ద చిక్కు 'సమ' దగ్గర ఉన్నది. ఆ దుకాణంలో జరిగే పని చూడండి. కారును మట్టంగా ఉన్న ర్యాంపు మీదికి ఎక్కించి, నాలుగు చక్రాలకూ క్లాంపులు బిగించి, స్టీరింగును నడిమికి నిలిపి, కంప్యూటర్ తెర మీద ముఖ్యంగా మూడు కోణాలు చూస్తారు. పైనుంచి చూసినట్లయితే ముందు చక్రాల ముందరి అంచులు ఒకదానివైపు ఒకటి మొగ్గి ఉన్నవా, ఎడంగా విచ్చుకొని ఉన్నవా అన్నది టో. ఎదుట నిలిచి చూసినప్పుడు చక్రం తల లోపలికో వెలుపలికో ఒరగడం క్యాంబర్. పక్కనుంచి చూసినప్పుడు, చక్రం ఏ రేఖ చుట్టూ మలుపు తిరుగుతుందో ఆ రేఖ వెనుకకు వాలడం క్యాస్టర్. వీటి విలువ సున్నాయే కావాలన్న నియమం లేదు. క్యాస్టర్‌ను కావాలనే కొన్ని డిగ్రీలు వాల్చి ఉంచుతారు. మలుపు దాటిన తరువాత స్టీరింగు తనంత తానుగా నడిమికి రావడానికి ఆ వాలు ముఖ్య కారణం. టో చాలా చిన్న కోణం, డిగ్రీలో 60వ వంతైన నిమిషాలలో చెప్పేది. చాలా చిన్న కార్లలో ముందు చక్రాలకు మామూలుగా దిద్దడానికి వీలున్నది అదొక్కటే. స్టీరింగు తిప్పుడును చక్రానికి అందించే టై రాడ్ లాక్‌నట్‌ను వదులు చేసి, రాడ్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ, తెర మీది అంకె ఎరుపు నుంచి పచ్చకు మారగానే మళ్లీ బిగిస్తారు. అంటే అక్కడ కోరేది సమత కాదు, ఆ బండికి కంపెనీ నిర్ణయించిన కొలత.

ఆ అర్థాన్ని మోయగల మాట మనకు ఏనాటి నుంచో ఉన్నది: సరి. తమిళ కన్నడాలలోనూ బతికి ఉన్న ఈ మాటకు సమానమన్న అర్థం ఉన్నమాట నిజమే; సరిజోడు, సరిసమానులు అంటాము. కాని దాని అసలు బలం వేరు. చొక్కా సరిపోయిందంటే మనిషీ చొక్కా సమానమని కాదు, ఒంటి కొలతకు కుదిరిందని. లెక్క సరిచూడమంటే ఉండవలసిన మొత్తంతో పోల్చి చూడమని. రోజుకు వందసార్లు అనే 'సరే' కూడ ఈ సరి పక్కన ఏకారం చేరగా ఏర్పడినదే. (సరిహద్దును, సరాసరిని ఈ కుదురులో కలపకండి. అవి పారసీకపు 'సర్' వెంట వచ్చిన మాటలు. మన నాలుక సర్‌హద్దును సరిహద్దుగా దిద్దుకొన్నది.) పైగా తెలుగు ఇక్కడ రెండు పనులను విడదీస్తుంది: కొలిచి చూడడం సరిచూచుట, తేడా ఉంటే మార్చడం సరిదిద్దుట. అలైన్‌మెంట్ అన్న ఒక్క మాట ఈ రెంటినీ మింగివేస్తుంది. అందుకే సరిచూసి ఊరుకొన్న బండికీ సరిదిద్దిన బండికీ బిల్లు మీద ఒకే మాట పడుతున్నది.

మరి పాత బండికి సంబంధించిన మాటలలో దీనికి పేరెందుకు లేదని మీరు అడగవచ్చు. ఇరుసు, ఆకులు, సీల, నొగ, కాడి అంటూ ప్రతి ముక్కకూ పేరు పెట్టిన వడ్రంగులకు ఈ మాట అవసరం పడలేదు. ఎడ్లబండికి రెండు చక్రాలూ ఒకే ఇరుసు కొసలకు ఉంటాయి; ఎడ్లు మళ్లితే బండి మొత్తం మళ్లుతుంది గాని చక్రం వేరుగా పక్కకు తిరిగేది లేదు, టో చెడేదీ లేదు. వారి బెంగంతా కందెన గురించే. 'ఇరుసున కందెన బెట్టక పరమేశ్వరుబండి యైన బాఱదు సుమతీ' అన్న సుమతీశతక కారుడు చెప్పదలచినది కరణాల సంగతి అయినా, నాకు ఆ పద్యంలో ముచ్చట గొలిపేది ఇరుసే. తమిళులకూ అది ఇరుసే. ఇంత చక్కని మాట చేతిలో ఉండగా పత్రికలు 'యాక్సిల్ విరిగి బోల్తా' అని రాయడం చూస్తే చిరాకు వేస్తుంది.

'అమరిక' తప్పు కాదు, చప్పన. వంకరగా బిగిసిన చక్రమూ అమరే ఉంటుంది.

'గుంజుతున్నది' అన్న మెకానిక్‌ను దిద్దబోకండి. గుంజు బ్రౌన్ నిఘంటువుకు ఎక్కిన మాట. బండి మన చేతిని కాదని పక్కకు పోవడాన్ని అది 'లాగు' కన్న సూటిగా పట్టిస్తుంది. అయితే ఎడమకు గుంజినంత మాత్రాన దోషం చక్రాల కోణాలదే కానక్కరలేదు. నీరు పారడానికి రోడ్డును అంచులకు వాల్చి వేస్తారు కనుక ఎడమవైపు నడిచే బండి కొద్దిగా అటే మొగ్గుతుంది. ముందు గాలి చూపించండి, అరిగిన జాయింట్లు చూపించండి. ఇక 'గాలి కొట్టించు'లో పంపు దెబ్బ ఉన్నది, అలైన్‌మెంట్‌లో కొట్టేదేమీ లేదు, 'చేయించు' నయం. అంచుకు సీసపు ముక్కలు పెట్టే బ్యాలెన్సింగు వేరే పని, దానిని చక్రాల తూకం అనవచ్చును.

రాతలో 'చక్రాల కోణాలు సరిచూచుట' అని నేను రాస్తాను. అందరూ రాయాలని పట్టుబట్టను. బోర్డు మీద 'వీల్ అలైన్‌మెంట్' అన్న మాటనే తెలుగు లిపిలో ఉంచినా నాకు అభ్యంతరం లేదు, వెదుక్కొంటూ వచ్చేవారు దానినే వెదుకుతారు. ఆ 'చేయబడును' మాత్రం చెరిపించి 'చేస్తాము' అని రాయించమనండి. పెయింటరుకు రెండక్షరాల పని తగ్గుతుంది.