అన్నకు ఖర్చులుంటాయట!

ప్రశ్న: నాకు 32 ఏళ్లు, పెళ్లి కాలేదు. కర్నూలులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుని. నైట్లు చాలక డబుల్ డ్యూటీలు కూడా చేస్తున్నాను. మొన్న ఒక పెద్దాయన చనిపోతే ఆయన కూతురు నా ముందే కూలబడి ఏడ్చింది. బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్లమని చెప్పి, పక్క బెడ్ సెలైన్ మార్చడానికి పోయాను. నాకేమీ అనిపించలేదు. అదే భయంగా ఉంది. పత్తికొండ దగ్గర మా ఊళ్లో నాయన బోర్ల కోసం చేసిన అప్పు నేనే కడుతున్నాను. అన్న బెంగళూరులో సాఫ్ట్‌వేర్. ఫ్లాట్ కొన్నాడు, వాడికి ఖర్చులుంటాయి. నేను ఈ ఉద్యోగం మానేసి నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పడానికి చేరమంటారా?

జవాబు: చేరితే చేరమ్మా. ఆ జీతమూ ఒకటో తారీఖున మీ ఊరికే పోతుంది కదా!

నువ్వు రాయివైపోలేదు. దీన్ని బర్నౌట్ అంటారు. ఇది జబ్బు కాదు, పనిచోట తగ్గని ఒత్తిడి వల్ల వచ్చే స్థితి అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. ఒంట్లో సత్తువ ఉండదు, పనంటే విరక్తి, ఏం చేసినా సరిగా చేయలేదనే దిగులు. నిద్ర లేని నైట్లు, ఒక్కరే నలుగురి పని చేయాల్సి రావడం, పేషెంట్ల తాలూకు వాళ్ల తిట్లు, అన్నీ కలిసి ఇక్కడికి తెస్తాయి. మనుషుల్ని పెంచకుండా ధ్యానం చేసుకోమనే యాజమాన్యాలంటే నాకు ఒళ్లు మంట.

సరే, డబుల్ డ్యూటీలు ఎవరి కోసం? వానల్లేని నేలలో బోరు మీద బోరు వేసిన మీ నాయనను నేను తప్పు పట్టను. కానీ ఆయన కొడుకును అడగడు. కోడలి ముందు చులకనైపోతానని. నిన్నైతే అడగక్కర్లేదు, నువ్వే పంపుతావు. 32 ఏళ్లొచ్చినా ఇంట్లో నీ పెళ్లి మాట ఎవరూ ఎందుకెత్తడం లేదో ఎప్పుడైనా ఆలోచించావా? అన్న ఖర్చులను వెనకేసుకొస్తున్నది కూడా నువ్వే. అసలు చిక్కు ఆసుపత్రిలో లేదు, మీ అన్నాచెల్లెళ్ల మధ్య ఉంది.

వరసగా రెండు రోజులు సెలవు పెట్టి ఊరికి వెళ్లు. అన్నను రమ్మను. ఫోన్లో మాత్రం తేల్చొద్దు. అమ్మ ఏడుస్తుంది, నువ్వు సరేనంటావు. అప్పు కాగితాలు నలుగురి ముందూ పెట్టి, ఇంతవరకు నేను కట్టాను, మిగతాది నీ వంతు అని నాయన ఎదుటే చెప్పు. డబుల్ డ్యూటీలు ఈ నెల నుంచే బంద్. నిద్ర అసలే పట్టకపోయినా, బతుకు మీద విసుగు పుట్టినా టెలిమానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కు ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడతారు.

అన్నట్టు, ఆ కాగితాల్లో జామీను సంతకం నీదేమో చూసుకో. కాలేజీ సంగతి ఆ తర్వాత రాయి.