అంబాసిడర్ ఇంజనుకు క్రాంక్ షాఫ్ట్ ఎంచుకునేటప్పుడు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ షెడ్డుకు వచ్చిన అంబాసిడర్ పెట్రోలు ఇంజనులో బిగెండ్ బేరింగు (కనెక్టింగ్ రాడ్డు షాఫ్టును పట్టుకునే చోటి బేరింగు) పట్టేసి, పిస్టన్ల కదలికను తిరుగుడుగా మార్చే క్రాంక్ షాఫ్ట్ పాడైందనీ, బదులు ఏది వేయాలో తేల్చుకోలేకపోతున్నాననీ రాశావు. ముందు అది ఏ ఇంజనో రూఢి చేసుకో. అదే బండిలో 1489 సీసీ పాత ఇంజనూ, తర్వాతి కాలంలో 1817 సీసీ ఇసుజు ఇంజనూ వచ్చాయి. మొదటిదాని స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 88.9 మిల్లీమీటర్లు, రెండోదానిది 82. కాబట్టి బండి పేరు చెప్పి కొనకు, పాత షాఫ్టును వెంట తీసుకెళ్లి పక్కన పెట్టి కొలిచి చూసుకో.

ఉత్తరపారా ఫ్యాక్టరీలో 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది కనుక, మనకు విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల విప్పిన ఇంజన్లలోంచి తీసిన షాఫ్టే చాలాసార్లు దిక్కవుతుంది. అందులో చిన్నతనమేమీ లేదు. ఊరూ పేరూ లేని కొత్త సరుకు కన్నా, అరుగుదల పోయేలా ఒక్కసారి మాత్రమే గ్రైండింగు పడిన కంపెనీ షాఫ్టుకే నా ఓటు. 1489 ఇంజనుకు బేరింగులు సాధారణంగా పది, ఇరవై, ముప్పై, నలభై థౌల (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) అండర్‌సైజుల్లో, అంటే గ్రైండింగుతో షాఫ్టు అంత సన్నబడినప్పుడు సరిపోయేలా ఉంటాయి. పదిలో ఉన్న షాఫ్టుకు ఇంకా ఆయుష్షు ఉంది, నలభైకి చేరినదానికి మరో గ్రైండింగుకు చోటు లేదు.

అసలు భయపడవలసింది, అరిగిన జర్నలు (బేరింగులో తిరిగే గుండ్రటి భాగం) మీద వెల్డింగు పోసి మళ్లీ గ్రైండింగు చేసి "స్టాండర్డ్ సైజే" అని అమ్మే షాఫ్టుల గురించి. మైక్రోమీటరు దాన్ని పట్టుకోలేదు, ఎందుకంటే కొలత సరిగ్గానే వస్తుంది. టార్చి వేసి జర్నలు చివర, వెబ్బులోకి (జర్నళ్లను కలిపే పలకలోకి) తిరిగే ఫిల్లెట్ అనే మూల వంపును చూడు. అక్కడ సన్నని గుంటలుగానీ, వేడికి నీలం తిరిగిన చారగానీ కనిపిస్తే ధర ఎంత తక్కువైనా వదిలేయి. వెల్డింగు లేకపోయినా, గ్రైండింగు చేసినవాడు ఆ వంపును తీసేసి మూలను నిటారుగా కోసి ఉంటే, షాఫ్టు విరగడం అక్కడి నుంచే మొదలవుతుంది.

తర్వాత షాఫ్టును తాడుకు వేలాడదీసి చిన్న సుత్తితో వెబ్బు మీద తట్టు. గంటలా మోగితే మంచిదే, మొద్దుగా పలికితే పగులు ఉందని అనుమానించు. మోగినంత మాత్రాన నమ్మేయకుండా అయస్కాంతపు క్రాక్ టెస్టు చేయించు. ఆ ఖర్చుకు యజమానిని ఒప్పించడం నీ పని. ప్రతి జర్నలునూ రెండు చివర్లా, అడ్డంగా ఒకసారి నిలువుగా ఒకసారి కొలువు. తేడా ఒక థౌ దాటితే గ్రైండింగు తప్పదు. ఇంజను బ్లాకులో కూర్చునే మెయిన్ జర్నళ్లన్నీ ఒకే సైజులో, కనెక్టింగ్ రాడ్లు పట్టుకునే క్రాంక్ పిన్నులన్నీ ఒకే సైజులో ఉండాలి. ఈ రెండు వర్గాల అండర్‌సైజు మాత్రం ఒకటే కానక్కర్లేదు.

బేరింగులు ముందే కొనేయకు. గ్రైండింగు పూర్తయి, ఆయిలు రంధ్రాల అంచులు నునుపు చేయించి, లోపలి దారులను కిరసనాయిలుతో బ్రష్షు పెట్టి కడిగాక, చివరి కొలతను బట్టి కొను. పాత బేరింగు ఎందుకు పట్టేసిందో తెలియకుండా ఇంజను మూయవద్దు. ఆయిలు పంపును విప్పి చూడు.

కొలతలన్నీ ఒక కాగితం మీద రాసి పంపు, గ్రైండింగుకు ఇచ్చే ముందు నేనొకసారి చూస్తాను.

ఇట్లు,
మామయ్య