ఆ కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

షెల్టర్‌లో నెలల తరబడి ఎవరూ అడగని పిట్ బుల్ కుక్కను నువ్వు తెచ్చుకోబోతున్నావని మీ అమ్మ చెప్పినప్పుడు చాలా గర్వపడ్డాను, ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

ఇంటి యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకో, పశువైద్యునికి చూపించు, గట్టి పట్టీ కొను. మీ ప్రాంతపు చట్టం కూడా చదువు. బ్రిటన్‌లో 1991 నాటి చట్టం ఈ రకాన్ని నిషేధించింది, అమెరికాలోని డెన్వర్ నగరంలో 1989 నాటి నిషేధాన్ని 2020లో ఓటర్లు తొలగించి అనుమతి పద్ధతి తెచ్చారు.

పిట్ బుల్ అన్నది ఒక్క జాతి పేరు కాదు. రెండు మూడు టెర్రియర్ జాతులకూ, వెడల్పాటి తల ఉన్న ఎన్నో సంకర కుక్కలకూ కలిపి వాడే మాట అది. షెల్టర్ కార్డు మీద జాతి పేరును చాలాసార్లు కంటితో చూసి రాసేస్తారు, డీఎన్ఏ పరీక్ష చేస్తే అది తప్పని తేలడం మామూలే. ఆ కార్డును నమ్మవద్దని చెప్పే అర్హత నాకు ఎలా వచ్చిందో విను.

ఇరవై ఏళ్ల కిందట నేనూ కార్డు మీద పిట్ బుల్ అని రాసిన ఒక చారల ఆడకుక్కను తెచ్చాను. ఈ రకం కుక్కలంటే భయపడిన వాళ్లందరిదీ పొరపాటని నిరూపించాలన్న ఆత్రంతో, మొదటి సాయంత్రమే మా ముసలి కుక్కనూ దాన్నీ ఒకే గదిలో వదిలి, పక్కపక్కనే గిన్నెలు పెట్టాను. ముందు గుర్రుమన్నది మాదే. రెండూ కలబడగానే నేను మధ్యలో చెయ్యి పెట్టాను, చెయ్యి చీరుకుపోయింది. మర్నాడు దాన్ని తిరిగి అప్పగించి, కారణం రాయమన్న చోట "దాడి చేసే స్వభావం" అని రాశాను. గిన్నెల సంగతి గానీ, అది మొదటి రోజన్న సంగతి గానీ, నా తొందర గానీ రాయలేదు. పైన ఆ జాతి పేరు, కింద నా రాత. ఆ రెండూ చదివాక దాన్ని ఇంకెవరు అడుగుతారు? నెల తర్వాత వెళ్తే ఆ గూడు ఖాళీగా ఉంది. ఏమైందని అడగడానికి నాకు నోరు రాలేదు.

2007లో అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ విక్ కేసులో, కుక్కల పోరాటాల నుంచి విడిపించిన యాభై దాకా కుక్కలను ఒక్కొక్కటిగా విడివిడిగా పరీక్షించారు, చాలావాటికి బతికే అవకాశం దొరికింది. నేను మాత్రం ఒక్క సాయంత్రం చూసి తీర్పు చెప్పాను.

అందుకే గట్టిగా చెబుతున్నాను, మొదటి మూడు రోజులు దానికి వేరే గది, వేరే గిన్నె ఉండాలి. నీ పాత కుక్కతో తొలి పరిచయం ఇంటి బయట, దూరం పాటించి పక్కపక్కన నడిపిస్తూ జరగాలి. కొన్నిటికి తోటి కుక్కలు ఎప్పటికీ పడవు. ప్రేమ ఉంది కదా అని ఆ నిజాన్ని దాచకు. అది కుదురుకోవడానికి మూడు నెలలైనా పడుతుంది తల్లీ.

ఏదైనా తేడా వస్తే, ఏ కాగితం మీదా ఏమీ రాయకముందే నాకు ఫోన్ చెయ్యి. అర్ధరాత్రయినా వచ్చి, దాని గదిలో నేను పడుకుంటాను.

నీ పెద్దమ్మ