సైకిల్ దారుల కోసం ఎమ్మెల్యేలను కలవడం కూడా ఒక ఉద్యోగమేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని బరంపురం. అమ్మాయి సివిల్ ఇంజినీరింగ్ చివరి ఏడాదిలో ఉంది. సైకిల్ దారులకు నిధులు, సైకిల్ తొక్కేవాళ్లకు భద్రత కావాలని ఎమ్మెల్యేలను, ఎంపీలను ఒప్పించే సంస్థల్లో చేరతానంటోంది. లాబీయింగ్ అంటే దళారీ పని కాదా? సంబంధాలవాళ్లు అడిగితే ఏమని చెప్పాలి? లా చదివించాలా, ఢిల్లీలో పబ్లిక్ పాలసీలో చేర్చాలా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తుంటాయి. పని పేరు మారుతుంది కానీ భయం మాత్రం అదే: పిల్ల చేసే ఉద్యోగం బంధువులకు ఒక్క ముక్కలో చెప్పలేకపోతే ఎలా అని.

ముందు దళారీ మాట తీసేద్దాం. టెండరు కోసం చాటుగా చేసే పైరవీ వేరు, ప్రజల అవసరాన్ని కాగితం మీద పెట్టి బాహాటంగా అడగడం వేరు. అమెరికాలో సైకిల్ సంఘం 1880లోనే పుట్టింది. అక్కడ లాబీయిస్టులు 1995 నాటి చట్టం కింద పేరు నమోదు చేసుకుంటారు. మన దేశంలో అలాంటి చట్టం లేదు. 2013లో బలంగీర్ ఎంపీ కాళికేశ్ సింగ్‌దేవ్ లోక్‌సభలో ప్రైవేటు బిల్లు (ప్రభుత్వం తరఫున కాక సభ్యుడు సొంతంగా పెట్టేది) పెట్టినా అది చట్టం కాలేదు. అందుకే ఇక్కడ ఈ పనివాళ్లను పాలసీ అసోసియేట్ అనో, అడ్వొకసీ ఆఫీసర్ అనో పిలుస్తారు.

రోజువారీ పని చాలావరకు కాగితాలతోనే. మొదట తేల్చుకోవాల్సింది రోడ్డు ఎవరిదన్నది. పదహారో నంబరు జాతీయ రహదారి మీద రోడ్డు దాటే చోటు కావాలంటే నగరపాలక సంస్థను అడిగి లాభం లేదు. ఊళ్లో రోడ్లలోనూ కొన్ని నగరపాలక సంస్థవి, కొన్ని రాష్ట్రంలో రోడ్లు చూసే వర్క్స్ శాఖవి. తప్పు ఆఫీసుకు వెళ్లిన అర్జీ అక్కడే మూలనపడుతుంది. ఎవరిదో తెలియకపోతే ఒడిశాలో సమాచార హక్కు కింద ఫారం ‘ఎ’ నింపి, 10 రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి ఇస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. తర్వాత ఒకే పేజీ వినతిపత్రం: ఒక రోడ్డు, ఒక చోటు, ఒక అంచనా మొత్తం. అదీ శాఖలు బడ్జెట్ అంచనాలు కట్టే శీతాకాలంలోపే చేరాలి. ఫిబ్రవరిలో ఇస్తే దండ వేసి ఫోటో దిగుతారు, అంతే. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు, కానీ ఆ డబ్బు ఎంపీ చేతికి రాదు. ఆయన సిఫారసు చేస్తారు, జిల్లా యంత్రాంగం మంజూరు చేస్తుంది. కాబట్టి కలెక్టరేట్‌లో ఫైలు వెంట తిరగడమే సగం పని.

డబ్బు అవసరం లేని కోరికలూ ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం 138(1ఎ) సెక్షన్ కింద పాదచారులకు, సైకిళ్లకు నిబంధనలు చేసే అధికారం రాష్ట్రానిదే. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించక ఎవరైనా చనిపోయినా, వికలాంగులైనా, 198ఎ కింద బాధ్యులకు లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

ఇక్కడే మీ అమ్మాయి సివిల్ డిగ్రీ అక్కరకొస్తుంది. రోడ్డు అంచున డ్రెయిన్ మీద ఇనుప జాలీ చూడండి. ఊచలు దారి పొడవునా ఉంటే సైకిల్ చక్రం సందులో దిగి మనిషి ముందుకు బోర్లా పడతాడు. అడ్డంగా తిప్పి బిగిస్తే సరి. సైకిల్ దారి మొదట్లో స్తంభాల మధ్య 1.2 మీటర్లు వదిలితే సైకిలూ చక్రాల కుర్చీ పడతాయి, ఆటో పట్టదు. రెండు మీటర్లు వదిలితే వారం తిరక్కుండా అది ఆటో స్టాండవుతుంది. ఇవి గీసి చూపించగలిగితే ఎమ్మెల్యే పక్కన కూర్చున్న ఇంజినీరు కొట్టిపారేయలేడు.

పబ్లిక్ పాలసీ కోర్సు మీద నాకు నమ్మకం తక్కువ. ఇప్పుడది ఫ్యాషనైపోయింది. లక్షల ఫీజు పోసి ఏడాదో రెండేళ్లో చదివాక పిల్లలు చక్కటి నివేదిక రాస్తారు, వర్క్స్ శాఖ ఎస్టిమేటు చదవలేరు. అప్పు చేసి మాత్రం పంపకండి. ఢిల్లీ అనుభవమే కావాలనుకుంటే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది: 25 ఏళ్లలోపు డిగ్రీవాళ్లు ఒక ఎంపీ దగ్గర దాదాపు ఏడాది పనిచేస్తారు, నెలనెలా స్టైపెండ్ వస్తుంది. లా చెడ్డది కాదు, కానీ మూడేళ్లు. గేట్ రాసి ట్రాన్స్‌పోర్టేషన్‌లో ఎంటెక్ చేస్తే నెలకు 12,400 స్టైపెండ్ వస్తుంది. ఈ రంగం నచ్చకపోయినా రోడ్డు భద్రత ఆడిట్లు, కన్సల్టెన్సీలు, ప్రభుత్వ ఉద్యోగాలు తెరిచే ఉంటాయి. నా ఓటు దానికే.

జీతం సంగతి దాచను. ఈ సంస్థలు గ్రాంట్ల మీద నడుస్తాయి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాల్లో పాలనా ఖర్చులకు 20 శాతమే వాడాలి, ఆ బిగింపు జీతాల మీదా పడింది. చేరేముందు గ్రాంటు ఎన్నాళ్లో, అయిపోయాక ఏమిటో రాతపూర్వకంగా అడగమనండి.

ఇక సంబంధాల విషయం. మన్నించండి, గట్టిగానే చెబుతాను. ఇంజినీరింగ్ చదివిన పిల్ల మనుషులు రోడ్డు మీద చచ్చిపోకూడదని పనిచేస్తానంటే సిగ్గుపడాల్సింది ఏముంది? ‘రోడ్డు భద్రత ఇంజినీరు’ అని చెప్పండి. అందులో అబద్ధం లేదు. మీరు తడబడితేనే వాళ్లకు అనుమానం. పైగా బరంపురంలో పెరిగిన మీ అమ్మాయికి ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడూ వచ్చుంటాయి. భువనేశ్వర్‌లో ఒడియాలో వినతిపత్రం ఇచ్చి, ఆంధ్రలోని ఇచ్ఛాపురం వెళ్లి అదే విషయం తెలుగులో మాట్లాడగలిగేవాళ్లు ఎంతమంది? ఆమె ఎక్కడికీ కొట్టుకుపోదు. త్వరలో డిగ్రీ చేతికొస్తుంది, వెనక్కి రావడానికి దారీ ఉంది.

ఈ ఆదివారం గోపాల్‌పూర్ రోడ్డు మీద ఆమెతో వెళ్లండి. జాలీలు, స్తంభాల సందులు కొలుస్తుంది. టేపు రెండో కొస మీరు పట్టుకోండి.