వీడియో పాఠాలు మొదలుపెడుతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పదో తరగతి భౌతికశాస్త్రం పాఠాలను వీడియోలుగా తీసి, ముందు రోజు రాత్రే పిల్లలకు పంపి, బడిలో గంటంతా లెక్కలకూ ప్రయోగాలకూ వాడుకోవాలనుకుంటున్నానని నీవు రాసిన ఉత్తరం చదివి సంతోషించాను. అమెరికాలోని కొలరాడోలో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే ఇద్దరు రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టింది బడికి రాలేకపోయిన పిల్లల కోసమే. ఇంట్లో ఇంటర్నెట్ లేనివారికి వారు డీవీడీల్లో పాఠాలు ఎక్కించి ఇచ్చేవారు. నీవు అడిగిన మొదటి ప్రశ్నకు నా జవాబు అక్కడే ఉంది.

ఏ కెమెరా కొనాలని అడిగావు. ఇప్పుడే ఏదీ కొనవద్దు. ముందుగా నీ తరగతిలో ఏ పిల్లవాడి ఇంట్లో ఫోను ఎవరి దగ్గర ఉంటుందో, ఎన్ని గంటలకు ఇల్లు చేరుతుందో ఒక కాగితం మీద రాసుకో. తండ్రి ఆటోతో పాటు ఊరంతా తిరిగి రాత్రి తొమ్మిదికి వచ్చే ఫోనులో, పగిలిన అద్దం మీద, ఆ రోజు డేటాలో మిగిలిన కాస్తతో చూడబోయే పాఠం నీది. నా ఫోను 1080పి అనే ఎక్కువ స్పష్టతలో నిమిషం వీడియోకు సుమారు 130 మెగాబైట్లు మింగేది. అదే వీడియోను హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో 480పికి కుదిస్తే, తెల్ల కాగితం మీద రాత తప్ప కదలిక లేని పాఠం కనుక, ఆరు నిమిషాలు 25 మెగాబైట్ల లోపే సరిపోయేది. వాట్సాప్‌లో వీడియోగా పంపితే అది మళ్ళీ తనంతట తాను కుదించి కిరణరేఖలను అలికేస్తుంది కాబట్టి, డాక్యుమెంటుగా పంపు.

బొమ్మ కాస్త మసకగా ఉన్నా పిల్లలు సర్దుకుంటారు కానీ మాట వినబడకపోతే సర్దుకోరు. నేను మొదట తీసిన పుటాకార దర్పణం పాఠంలో సీలింగు ఫ్యాను హోరు తప్ప మరేమీ లేదని ఒక విద్యార్థిని మొహమాటపడుతూ చెప్పింది. నా చెవికి ఆ ఫ్యాను అలవాటైపోయింది, ఫోను మైకుకు కాలేదు. ఆనాటి నుంచి ఫ్యాను ఆపి, తలుపు మూసి, ఎదురు గోడకు బొంత వేలాడదీసి, చెమటలు కక్కుతూ రికార్డు చేశాను. కొన్ని వందల రూపాయల కాలరు మైకు ఒక్కటి కొనుక్కో. పిన్ను మీద మూడు నల్ల గీతలున్నదే ఫోనుకు పనికివస్తుంది, రెండే ఉంటే ఫోను దాన్ని మైకుగా గుర్తించదు. నీ ఫోనుకు టైప్-సి రంధ్రం మాత్రమే ఉంటే అడాప్టరు కూడా కావాలి.

ఫోను నిలబెట్టడానికి స్టాండు లేకపోయినా, రెండు పుస్తకాల దొంతరల మీద చెక్క వేసి, దాని అంచున ఫోనును తెర పైకి, వెనుక కెమెరా కింది కాగితం వైపు ఉండేలా పెడితే చాలు. దీపం ఎడమవైపు ఉంచు, లేకపోతే నీ కుడిచేతి నీడ నీవు రాస్తున్న అంకె మీదే పడుతుంది. చేయి అడ్డం వచ్చినప్పుడల్లా ఫోకసు ఊగిసలాడకుండా, తెర మీద కాగితాన్ని కాసేపు నొక్కి పట్టి లాక్ చేసుకో. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టడం మరువకు. ట్యూబులైటు వెలుగులో బొమ్మ మీద పట్టీలు కదులుతుంటే కెమెరా సెట్టింగుల్లో 50 హెర్ట్‌జ్ ఎంచుకో, మన కరెంటు ఆ పౌనఃపున్యంలోనే వస్తుంది.

కరెంటు మాట వచ్చింది కనుక ఒక నష్టం చెప్పాలి. కంప్యూటరులో ఓబీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌తో తెరను రికార్డు చేస్తుండగా కరెంటు పోయి, ఎంపీ4 ఫైలు తెరుచుకోకుండా పోయి, నలభై నిమిషాల శ్రమ మట్టిలో కలిసింది. ఎంకేవీ అనే మరో ఫైలు రూపంలో రికార్డు చేసి ఉంటే అప్పటివరకు నడిచినదైనా దక్కేది. ఆ తరువాత ఓబీఎస్‌లోనే రీమక్స్ చేసి, అంటే వీడియోను మళ్ళీ కుదించకుండా ఫైలు రూపం ఒక్కటే మార్చి, ఎంపీ4గా చేసుకోవచ్చు. స్లైడులు పాత అను ఫాంట్లలో తయారుచేయవద్దు. ఆ ఫాంట్లు లేని బడి కంప్యూటరులో తెలుగంతా పిచ్చిగీతలై కనిపిస్తుంది. యూనికోడ్‌లో టైపు చేస్తే ఆ బెడద ఉండదు.

పాఠం ఆరు నిమిషాలు దాటనీయకు. 2014లో ఎడెక్స్ అనే ఆన్‌లైన్ చదువుల వేదిక కోర్సుల్లో 69 లక్షల వీక్షణలను పరిశీలించిన పరిశోధకులు కూడా, వీడియో ఎంత నిడివిదైనా విద్యార్థులు నిలిచి చూసేది దాదాపు అంతవరకేనని గమనించారు. నా కారణం మాత్రం వేరు. ఇరవై రెండు నిమిషాల పాఠంలో పందొమ్మిదో నిమిషాన నాభ్యంతరం అనవలసిన చోట వక్రతా వ్యాసార్థం అన్నాను, ఎడిటింగు రాక మొత్తం మళ్ళీ చెప్పాను. చిన్న ముక్కలైతే తప్పున్న ముక్క ఒక్కటే మార్చుకోవచ్చు.

ఫోను అందని పిల్లలు నలుగురైదుగురు తప్పక ఉంటారు. వారిని బడి గంటకు అరగంట ముందు రమ్మని, పెన్‌డ్రైవ్‌తో బడి తెర మీదే చూపించు. నిన్న పాఠం చూడలేదని వారిని తరగతిలో నిలబెట్టవద్దు.

మొదటి వీడియోను అందంగా దిద్దకుండా, కుదించిన రూపంలోనే నాకు పంపు. మీ అత్తయ్య పాత ఫోనులో, వంటింట్లో కుక్కరు కూస్తుండగా విని, ఏ మాట అందలేదో రాస్తాను.

ఇట్లు,
మీ మామయ్య