రైఫిల్‌తో విమానం ఎక్కొచ్చు, చిక్కంతా రేంజ్ బ్యాగ్‌తోనే

సందేహం: మాది హైదరాబాద్. నాకు .22 రైఫిల్‌కి స్పోర్ట్స్ లైసెన్స్ ఉంది. మా అబ్బాయికి 19 ఏళ్లు, ఎయిర్ పిస్టల్ షూటర్. ఇద్దరం భోపాల్‌లో పోటీలకు విమానంలో వెళ్లాలి. ఆఫీసు పని మీద నేను ఒకరోజు ముందే వెళ్లాల్సి రావచ్చు, అప్పుడు నా రైఫిల్‌ని అబ్బాయి తీసుకురావచ్చా? తెలిసినవాళ్ల బ్యాగ్‌లో ఒక్క తూటా దొరికితే ఎయిర్‌పోర్టులోనే కేసు పెట్టారట, అది విన్నప్పటి నుంచి ఇంట్లో అందరికీ టెన్షన్. పైగా డాలస్‌లో ఉండే మా బావమరిది సంక్రాంతికి వస్తున్నాడు, అతనికీ షూటింగ్ రేంజ్‌కి వెళ్లే అలవాటుంది. ఏమైనా జాగ్రత్తలు చెప్పాలా?

జవాబు: ముందు అబ్బాయి సంగతి. రైఫిల్ అతను తీసుకురాకూడదు. ఆయుధాల చట్టం 1959లో సెక్షన్ 3 కింద ఒక వెసులుబాటు ఉన్న మాట నిజమే: లైసెన్స్‌దారు ఎదుట గానీ, అతను రాసిచ్చిన అనుమతితో గానీ, అతని వాడకం కోసం వేరేవాళ్లు తుపాకీ మోసుకెళ్లొచ్చు. చాలామంది దీన్ని సగం చదివి, తెల్లకాగితం మీద సంతకం పెట్టి పంపేస్తే సరిపోతుంది అనుకుంటారు. కానీ 21 ఏళ్లు నిండనివాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం, దగ్గర ఉంచుకోవడం, మోసుకెళ్లడం సెక్షన్ 9 కుదరదంటుంది. శిక్షణలో భాగంగా చిన్న వయసు షూటర్లు వాడుకోవడానికి అదే సెక్షన్‌లో వేరే మినహాయింపు ఉంది గానీ, అది రేంజ్‌లో పెద్దల పర్యవేక్షణలో వాడటానికి, శంషాబాద్ నుంచి భోపాల్‌కి ఒంటరిగా పట్టుకెళ్లడానికి కాదు. చట్టం పక్కన పెట్టినా, లైసెన్స్ ఒకరిది, టికెట్ ఇంకొకరిది అయితే కౌంటర్ దగ్గరే ఆపేస్తారు. మీరు ముందే వెళ్లాల్సి వస్తే రైఫిల్ మీతోనే వెళ్లాలి, లేదంటే ఇద్దరూ కలిసే వెళ్లండి.

అబ్బాయి ఎయిర్ పిస్టల్ కథ వేరు. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం బోర్, అంటే గొట్టం లోపలి వెడల్పు, .177 అంగుళాలు దాటని, 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ గన్‌లకు లైసెన్స్ అక్కర్లేదు. పోటీల్లో వాడే 4.5 మిల్లీమీటర్ల పిస్టల్ శక్తి ఆ హద్దుకి చాలా దిగువనే ఉంటుంది. లైసెన్స్ అక్కర్లేదు కదా అని క్యాబిన్ బ్యాగ్‌లో పెట్టుకుంటే మాత్రం సెక్యూరిటీలో ఆపేస్తారు, ఎందుకంటే అక్కడ చూసేది లైసెన్స్ కాదు, వస్తువు. అది కూడా చెక్-ఇన్ లగేజీలోనే, కౌంటర్‌లో నోటితో చెప్పి మరీ వెయ్యాలి. కొన్న బిల్లు, షూటర్ ఐడీ కార్డు, పోటీ ఎంట్రీ కాగితం వెంట ఉంచమనండి. కౌంటర్‌లో కూర్చున్న అందరికీ ఈ 20 జౌళ్ల నిబంధన తెలియదు, అడిగినప్పుడు వాదనకు దిగే కన్నా కాగితం చూపించడం తేలిక.

ఇప్పుడు మీ లైసెన్స్ తీసి ఒక్క గడి చూడండి: అది ఎంత మేర చెల్లుతుందో రాసి ఉంటుంది. తెలంగాణ వరకే అని ఉంటే భోపాల్‌లో దిగిన నిమిషం నుంచి మీ దగ్గరున్నది ఆ చోట లైసెన్స్ లేని తుపాకీ కిందే లెక్క. విమానంలో ఎక్కించుకున్నారు కాబట్టి అంతా సవ్యమే అనుకోవద్దు, ఎయిర్‌లైన్ వాళ్లు ఆ గడి చదవకపోవచ్చు, అవతలి పోలీసులు చదువుతారు. దేశమంతా చెల్లేలా లేకపోతే మీకు లైసెన్స్ ఇచ్చిన అధికారికి, అంటే హైదరాబాద్ నగరంలో అయితే పోలీస్ కమిషనర్‌కి, పోటీ ఆహ్వానం జతచేసి పరిధి పెంచమని ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఇది వారం ముందు మొదలుపెడితే అయ్యే పని కాదు. గడువు తేదీ, యూఐఎన్ (లైసెన్స్‌దారు విడి గుర్తింపు) నంబర్, రైఫిల్ మీద చెక్కిన నంబర్, లైసెన్స్‌లో ఉన్న నంబర్ కూడా ఒకసారి సరిచూసుకోండి. ఒక్క అంకె తేడా ఉంటే అది గుమాస్తా పొరపాటని మీకు తెలుసు, ఎదుటివాడికి తెలియదు. ఒరిజినల్ లైసెన్స్ చేతి సంచిలో ఉండాలి, దాన్ని రైఫిల్ ఉన్న పెట్టెలోనే పెట్టి తాళం వేశామని కౌంటర్‌లో చెప్పేవాళ్లు ఉంటారు, అలా చేయకండి.

టికెట్ కొనేముందే ఎయిర్‌లైన్‌కి మెయిల్ పెట్టండి. కొన్ని సంస్థలు తుపాకీకి విడిగా రుసుము తీసుకుంటాయి, ముందస్తు సమాచారం అడుగుతాయి, ఆ షరతులు మారుతుంటాయి. ఫోన్‌లో ఎవరో సరే అన్నారంటే అది మీ దగ్గర సాక్ష్యం కాదు, మెయిల్‌లో వచ్చిన జవాబు ప్రింట్ తీసుకోండి. వీలైతే నేరుగా వెళ్లే విమానమే చూసుకోండి. ఢిల్లీలో మారాల్సి వస్తే ఒకే టికెట్ మీద రెండు విమానాలూ ఉండేలా చూడండి, విడివిడి టికెట్లయితే అక్కడ సామాను తీసుకుని తుపాకీ సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి.

సర్దడం విషయానికి వస్తే, రైఫిల్ గట్టి కేసులో (పెట్టెలో), ఖాళీ చేసి, తూటాను లోపలికి తోసే బోల్ట్ తీసి పెట్టాలి. ఆ బోల్ట్‌ని జాగ్రత్త పేరుతో చేతి సంచిలో వేసుకునేవాళ్లున్నారు. ఆయుధంలో భాగం కూడా ఆయుధం కిందికే వస్తుంది, అది కూడా లగేజీలోకే. కేసుకి తాళం ఉండాలి గానీ కౌంటర్‌కి వచ్చేముందే బిగించేయకండి, వాళ్లు తెరిచి చూస్తారు, చూశాక వాళ్ల ముందే వేయండి. తూటా కూర్చునే ఛాంబర్‌లో పోటీల్లో వాడే రంగు జెండా పెడితే ఖాళీగా ఉందని చూడగానే తెలుస్తుంది, ఇది చట్టం అడిగేది కాదు, పని సులువు చేసేది.

తూటాలు తుపాకీకి విడిగా, కంపెనీ పెట్టెల్లోనే ఉండాలి, జేబుల్లోనో ప్లాస్టిక్ కవర్లోనో కాదు. ఎయిర్‌లైన్ ఒప్పుకుంటే ఒక్కో ప్రయాణికుడికి ప్యాకింగ్‌తో కలిపి 5 కిలోల వరకు, అదీ సొంత వాడకానికి. ఇది అంతర్జాతీయ ప్రమాదకర వస్తువుల నిబంధన. ఇద్దరు ప్రయాణికుల కోటా కలిపి ఒకే పెట్టెలో 10 కిలోలు పెట్టడానికి లేదు. మీకు ఇది ఇబ్బంది కాదు, .22 తూటా ఒకటి మూడు నాలుగు గ్రాములు, 500 తూటాలు పెట్టెలతో సహా రెండు కిలోల దగ్గరే తేలతాయి. పాపం గాల్లోకి ఎగిరే గురిపలకల్ని కాల్చే ట్రాప్ షూటర్ల బాధ చూడండి: 12 బోర్ తూటాలు 25 ఉన్న పెట్టె ఒక్కటే కిలోకి కాస్త తక్కువ, క్వాలిఫయింగ్‌లోనే 125 గురిపలకలు, ఒక్కోదానికి రెండు షాట్ల అవకాశం. 5 కిలోలతో వాళ్లకి మ్యాచ్ కూడా గడవదు, అందుకే అక్కడికి వెళ్లాక కొనుక్కునే ఏర్పాటు చేసుకుంటారు. మీరు మోసే తూటాల సంఖ్య మీ లైసెన్స్‌లో రాసిన పరిమితి దాటకూడదన్నది మరో లెక్క, 5 కిలోల లోపే ఉన్నాయి కదా అంటే కుదరదు. తిరుగు ప్రయాణంలో మిగిలినవాటికీ ఇదే వర్తిస్తుంది.

అబ్బాయి పిస్టల్‌కి ఉండే గాలి సిలిండర్ ఖాళీ చేసి, విప్పి పెట్టండి, మీటర్ సున్నా చూపించేలా. నిండు సిలిండర్‌ని లోపలికి పంపరు. పోటీ వేదికలో నింపుకునే వీలుంటుంది కాబట్టి దాని కోసం గొడవ పడాల్సిన పనే లేదు. తుపాకీ శుభ్రం చేసే మండే సాల్వెంట్లు, స్ప్రే డబ్బాలు ఇంట్లోనే వదిలేయండి. గురి చూసే ఎలక్ట్రానిక్ ట్రైనర్ ఉంటే దాని విడి లిథియం బ్యాటరీలు, పవర్ బ్యాంక్ మాత్రం క్యాబిన్‌లోకే రావాలి, లగేజీలో పెట్టకూడదు. అంటే ఒకే కిట్‌లోని వస్తువులు కొన్ని కిందికి, కొన్ని పైకి, ముందురోజు రాత్రే నేల మీద పరిచి విడదీయండి. ఉత్తుత్తి తూటాలు, ప్రాక్టీస్ డమ్మీలు, లేజర్ ట్రైనింగ్ పిస్టళ్లు ఎక్స్‌రేలో నిజమైనవాటిలాగే కనబడతాయి, అవన్నీ లగేజీలోకే. షూటింగ్ జాకెట్, ప్యాంటు, బూట్లు బరువెక్కువ, డొమెస్టిక్ ఎకానమీలో మామూలుగా ఇచ్చేది 15 కిలోలే కాబట్టి జాకెట్ చేతిలో పట్టుకెళ్లే షూటర్లు చాలామందే కనిపిస్తారు, దానికి అభ్యంతరం లేదు.

ఇక మీ అసలు భయం, ఆ ఒక్క తూటా. కౌంటర్‌లో నా దగ్గర రైఫిల్ ఉంది అని చెప్పి, కాగితాలు చూపించినవాళ్ల మీద కేసులు అరుదు. కేసులు వచ్చేది మర్చిపోయినవాళ్ల మీద. రేంజ్‌కి పట్టుకెళ్లే బ్యాగ్‌నే ఆదివారం దులిపి సోమవారం విమానానికి తెస్తారు, అడుగున లైనింగ్ చిరుగులోకి ఒకటి జారి ఉంటుంది, అది యజమానికి తెలియదు, ఎక్స్‌రేకి తెలుస్తుంది. కాబట్టి నేను ఇచ్చే సలహాల్లో ఏది పాటించకపోయినా ఇదొక్కటి పాటించండి: రేంజ్ ముఖం చూసిన ఏ సంచీనీ చేతి సామానుగా వాడకండి. జాకెట్ జేబులు బయటికి తిరగేసి చూడండి. కాల్చేసిన ఖాళీ షెల్‌తో చేసిన కీచైన్ కూడా వద్దు.

అలా దొరికితే జరిగేది ఇది. సీఐఎస్ఎఫ్ వాళ్లు తూటా, మనిషి రెండిటినీ ఎయిర్‌పోర్టు పోలీసులకు అప్పగిస్తారు. లైసెన్స్ లేని తూటా అయితే ఆయుధాల చట్టం సెక్షన్ 25(1బి)(ఏ), 2019 సవరణ తర్వాత శిక్ష కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు, నాన్ బెయిలబుల్. మీ .22 లైసెన్స్‌తో .22 తూటా దొరికితే అది ఈ సెక్షన్ కిందికి రాదని గట్టిగా వాదించొచ్చు. కానీ పక్క లేన్ వాళ్ల .32 తూటా మీ సంచిలో పడి ఉంటే మీ లైసెన్స్ దానికి గొడుగు పట్టదు. శిక్ష 7 ఏళ్లు దాటనిది కాబట్టి సుప్రీంకోర్టు అర్నేష్ కుమార్ తీర్పు ప్రకారం ఆటోమేటిక్‌గా అరెస్టు చేయకూడదు, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన ఇప్పటి బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 35(3) కింద నోటీసు ఇచ్చి పంపొచ్చు, ఆ మాట స్టేషన్‌లో మీ లాయరు గుర్తుచేయాలి. తెలిసి దగ్గర పెట్టుకోవడం అన్న ఎరుక లేకపోతే అది నేరం చేసే స్వాధీనం కాదని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో, మళ్లీ 1994లో సంజయ్ దత్ కేసులో చెప్పింది. ఈ మాట ఆధారంగానే విమానాశ్రయాల్లో ఒకటీ అరా తూటాలు దొరికిన ఎఫ్ఐఆర్‌లను హైకోర్టులు, ముఖ్యంగా ఢిల్లీ హైకోర్టు, చాలాసార్లు కొట్టేశాయి. సెక్షన్ 39 ప్రకారం ఇలాంటి కేసు నడపడానికి జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి కూడా కావాలి, అది లేకుండా ఛార్జిషీటు వేస్తే అదీ మీకు ఒక ఆయుధమే. అయితే హైకోర్టులో కొట్టేయించుకునే దాకా పాస్‌పోర్టు వెరిఫికేషన్‌లో, లైసెన్స్ రెన్యువల్‌లో, పోటీ సెలక్షన్‌లో ఆ ఎఫ్ఐఆర్ మీ వెంటే ఉంటుంది, గెలిచే కేసే కదా అని తేలిగ్గా తీసుకునే సంగతి కాదు.

దొరికినప్పుడు నోరు ఎలా వాడారన్నది కూడా కేసు దిశ మారుస్తుంది. ఎవరో పెట్టారు, నాది కాదు, ఇంట్లోవాళ్ల బ్యాగ్ అంటూ గంటలో మూడు రకాలు చెప్పకండి. ఎరుక లేదన్నదే మీ వాదన, మాట మార్చేకొద్దీ అది బలహీనపడుతుంది. లైసెన్స్ ఉందని చెప్పండి, షూటర్ కార్డు చూపించండి, ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకండి. పంచనామా నకలు అడగండి.

ఇక మీ బావమరిది. అతని మీదే నాకు ఎక్కువ బెంగ. అమెరికాలో తుపాకీ విషయంలో అలవాటైన ఆ నిశ్చింత ఇక్కడికి వచ్చేసరికి పనికిరాదు, అక్కడ కూడా మతిమరుపు ఏమీ తక్కువ కాదు: 2023లో అక్కడి విమానాశ్రయాల చెక్‌పాయింట్లలో భద్రతా సంస్థ టీఎస్ఏకి 6,737 తుపాకులు దొరికాయి. అక్కడి పర్మిట్‌కి ఇక్కడ విలువ లేదు. టెక్సస్ రేంజుల్లో ఎక్కువమంది కాల్చేది 9 ఎంఎం, అది మన దగ్గర ప్రొహిబిటెడ్ (నిషిద్ధ) బోర్ కింద లెక్క. అలాంటి తూటా ఇక్కడ దొరికితే పోలీసులు సెక్షన్ 25(1ఏ) రాసే వీలుంది, దాని శిక్ష 7 నుంచి 14 ఏళ్లు, కాబట్టి పైన చెప్పిన నోటీసు ఇచ్చి పంపే రక్షణ అక్కడ పనిచేయదు. అమెరికాలో బయల్దేరేటప్పుడు ఎవరి కంటా పడకుండా వచ్చిన తూటా ఢిల్లీలో డొమెస్టిక్ విమానం మారేటప్పుడో, తిరుగు ప్రయాణంలో శంషాబాద్‌లోనో బయటపడుతుంది. బ్యాగ్ సర్దకముందే అతనికి ఫోన్ చేసి, వీలైతే కొత్త సూట్‌కేస్ కొనుక్కుని రమ్మని చెప్పండి.